అత్తగారి కుడి రెక్క

ఆ యేడు వానలు ఇంకా మొదలుకాలేదు. జూన్ ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం మా అత్తగారు భద్రమ్మ ఒంటరిగా ఆటో దిగి, టాటానగర్ కద్మాలో మా వాటా మెట్లెక్కి వచ్చింది. ఎడంచేతిలో గుడ్డసంచీ ఉంది. కుడిచేతిని పమిటచెంగులో చుట్టి పొట్టకి ఆనించుకుంది. మా ఆయన గురించి, భానుడు డ్యూటీకి వెళ్ళాడా అని అడిగింది. వెళ్ళారన్నాను. మంచినీళ్ళిస్తే ఎడంచేత్తో అందుకుంది. ఆమె ఎడంచేత్తో నీళ్ళు తాగడం నేనెప్పుడూ చూడలేదు.

"బోరింగు కాడ జారేను. పాచి పట్టీసింది గదా, సూసుకోలేదు," అంది, నేను అడక్కముందే.

భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నదికి దగ్గర్లో మా మామగారు కట్టిన రెండు గదుల ఇల్లుంది. ఆయన పోయాక అత్తగారు చిన్నకొడుకు అశోక్‌తో ఆ ఇంట్లోనే ఉండేది. అశోక్ భార్య ఖరగ్‌పూర్‌లో పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అతను తాగుతాడనీ, అందుకే వెళ్ళిందనీ అందరికీ తెలుసు. మా ఆయన భానుప్రకాష్ టాటానగర్ లోకోషెడ్‌లో టెక్నీషియన్. తల్లిని మా దగ్గరికి వచ్చెయ్యమని ఎన్నోసార్లు పిలిచారు. మెట్లెక్కలేననో, కద్మాలో మాట్లాడ్డానికి మనిషి దొరకదనో ఏదో ఒకటి చెప్పి ఆమె తప్పించుకునేది. అసలు కారణం నేనేమోనని నాకు అనుమానంగా ఉండేది.

నేను టెల్కో కాలనీలో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచర్ని. పొద్దున్నే ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేసుకుని, మెళ్ళో విజిల్ తగిలించుకుని స్కూటీ మీద వెళ్ళిపోతాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నన్ను పైనుంచి కిందికి చూసి, ఈ బట్టలతోనా నలుగురిలోకి వెళ్ళేది అని ఒక్కసారి అడిగింది. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకునేది. పండక్కి వెళ్తే వడ్డించేది, వస్తుంటే బొట్టు పెట్టేది. అంతకు మించి మా మధ్య మాటలు ఉండేవి కావు.

ఆయన డ్యూటీ నుంచి రాగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఎముక విరగలేదు గానీ భుజంలో కండ కొంత చిరిగిందన్నాడు. కొన్నాళ్ళు కదపకుండా ఉంచి, తర్వాత మెల్లగా కదపాలన్నాడు. కదపకపోతే బిగుసుకుపోయి జన్మలో పైకి లేవదన్నాడు. ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడున్న కుర్రాడు మంచివాడే. కానీ చెయ్యి పట్టుకుని పైకి లేపబోయేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. మగవాడు రెక్క ముట్టుకుంటే తను చేయించుకోనని బయటికి వచ్చేసింది. చివరికి ఆ కుర్రాడు ఏ వారం ఏం చేయించాలో నాకు చెప్పాడు. మీరు పీటీ టీచర్ కదా, నాకంటే బాగానే చేయిస్తారు అన్నాడు.

వానలు వచ్చాయి. చేతికి వేసిన పట్టీ తీసేశాం. ముందు చెయ్యి వేలాడదీసి లోలకంలా ఊపించాను. తర్వాత గోడ మీద వేళ్ళతో పాకించాను. ఆమె వేళ్ళు ఛాతీ ఎత్తు దాటేవి కావు. జుట్టు నేనే దువ్వి ముడి వేసేదాన్ని. రవికె నేనే తొడిగేదాన్ని. మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకుని తొడిగించుకునేది. అప్పుడు చూశాను. కుడిచెయ్యి పైభాగంలో, చంకకి దగ్గరగా, పసుపురంగులోకి మారిపోతున్న మచ్చలు కొన్ని ఉన్నాయి. జారి పడితే దెబ్బ ఒకచోట తగులుతుంది. ఇవి వేళ్ళు పట్టినట్టు వరసగా ఉన్నాయి. నేను చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వస్తే తల భుజాల్లోకి లాక్కునేది. ఒక రోజు నేరుగానే అడిగాను. జారేనని సెప్పేను గదా సుధా, అని ముఖం తిప్పుకుంది. నేనిక రెట్టించలేదు.

జులైలో స్కూలు నుంచి ఒక జత డంబెల్స్ తెచ్చాను. చిన్నపిల్లల డ్రిల్లుకి వాడేవి, ఒక్కోటి కేజీ, గులాబీరంగువి. వాటిని చూసి అత్తగారు నవ్వింది. బియ్యం బస్తా చంకనేసుకుని భుయ్యాడీహ్ సందులన్నీ నడిచిన మనిషి. ఈ బొమ్మలతో ఏం చేస్తారని అడిగింది. చెయ్యి ఎత్తి చూడమన్నాను. కుడిచేతిలో డంబెల్ మోకాలు దాటి ఒక జానెడు లేచి ఆగిపోయింది. నవ్వు ఆగిపోయింది. డంబెల్ కేసి, తన చేతికేసి చాలాసేపు చూసుకుంది.

"ఇదేటిది? నా రెక్కేనా ఇది?" అంది.

ఆ రోజు నుంచి వాటిని చూసి మళ్ళీ నవ్వలేదు. నేర్చుకుంది.

హాల్లో టీవీకీ సోఫాకీ మధ్య ఉన్న ఖాళీలో స్టూలు వేసేవాళ్ళం. ఆమె స్టూలు అంచున కూర్చుని, వీపు వంకర పోకుండా నడుం దగ్గర వంగేది. ఛాతీ తొడల మీదికి వచ్చేది. చేతులు రెండూ పిక్కల పక్కన వేలాడేవి. మోచేతులు కాస్త వంచి ఉంచి, డంబెల్స్‌ని పక్కలకి, కొంగ రెక్కలు విప్పినట్టు, భుజాల ఎత్తు దాకా లేపాలి. పైన ఒక్క క్షణం ఆపాలి. వీపు మీద రెక్క ఎముకలు రెండూ ఒకదానికొకటి దగ్గరకు రావాలి. మెడ బిగించకూడదు, విదిలించకూడదు. తర్వాత మెల్లగా దించాలి. ఆ ఎముకల మధ్య నా రెండు వేళ్ళు పెట్టి, వాటిని వీపుతో పట్టుకో అత్తా అనేదాన్ని. మొదటిరోజు ఎడమ ఎముక ఒక్కటే కదిలింది. కుడిది చచ్చినట్టు పడి ఉంది. పది రోజులకో, ఇంకాస్త ఎక్కువకో, అది నా వేలిని మెత్తగా ఒత్తింది. నేను చెప్పకముందే ఆమెకి తెలిసింది. వంగిన తల ఎత్తకుండానే, దొరికింది అంది.

లేపగానే టపీమని వదిలేసేది. దించడం కూడా నెమ్మదిగానే చెయ్యాలి, బలం వచ్చేది అప్పుడే అని చెప్పాను. లేపడమే పని అనుకున్నాను, దించడం కూడా పనేనా అని ఆశ్చర్యపోయింది. మా అమ్మాయి అర్పిత తొమ్మిదో తరగతి. సోఫాలో కూర్చుని హిందీలో లెక్కపెట్టేది. నానమ్మ తెలుగులో ఏదంటే దానికి అది హిందీలోనే జవాబు చెప్పేది. దాదీ, సాంస్ ఛోడో, ఊపిరి వదులు, అని దబాయించేది. ఇద్దరి భాషలూ కలిసేవి కావు గానీ లెక్క మాత్రం తప్పేది కాదు.

రవికె చేతులు బిగుతుగా ఉండి అడ్డం వస్తున్నాయని ఒకరోజు నా పాత టీషర్టు అడిగింది. స్కూల్ స్పోర్ట్స్ డేకి ఇచ్చింది, నీలంరంగుది, వీపు మీద పెద్ద అక్షరాలతో స్కూలు పేరున్నది. చీర కుచ్చిళ్ళ మీద ఆ టీషర్టు వేసుకుని స్టూలు మీద కూర్చుంది. మా ఆయన మార్నింగ్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. నవ్వాపుకోలేక బూట్లు విప్పే నెపంతో వంగిపోయారు. నవ్వితే నీ సేత కూడా సేయిత్తాను అని ఆమె బెదిరించింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరం నవ్వుకుంటూనే అన్నాలు తిన్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారి పక్కన కూర్చుని నేను అంత తేలిగ్గా తిన్నది అప్పుడే.

జులై చివర్లో ఒక ఆదివారం అశోక్ వచ్చాడు. బయట సన్నగా తుంపర పడుతోంది. అతను అంతవరకు ఫోను కూడా చెయ్యలేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాలిథిన్ సంచీలో మామిడిపళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆయన పేపరు చదువుతున్నారు. అత్తగారు స్టూలు మీద వంగి ఉంది. అడుగుల చప్పుడు విన్నది, కానీ తలెత్తలేదు. డంబెల్స్ లేచాయి, ఆగాయి, దిగాయి. కుడిచెయ్యి పైకొచ్చినప్పుడు పెదవి పళ్ళ మధ్య నొక్కుకుంటోంది. నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు. అశోక్ అదే చూస్తున్నాడు.

నేను లోపలికి రమ్మన్నాను. అతను రాలేదు.

"అన్నా, అమ్మ బోరింగు కాడ జారలేదు," అన్నాడు. "సీసా దాసీసింది. ఎక్కడెట్టేవని సెయ్యి మెలిపెట్టేను. నానే."

అర్పిత లెక్క ఆపేసింది.

మా ఆయన పేపరు మడిచారు. కేకలు వెయ్యలేదు. లేచి వెళ్ళి తమ్ముడి జబ్బ పట్టుకుని మెట్లదాకా నడిపించి, అక్కడ వదిలేసి, వచ్చి తలుపు గడియ పెట్టారు. పళ్ళసంచీ గుమ్మం లోపలే ఉండిపోయింది. 

అత్తగారు అప్పుడు తలెత్తి, ఎన్నయ్యాయని అర్పితని అడిగింది. అర్పిత చెప్పలేకపోయింది. సరే, మళ్ళీ మొదలెడదాం అని వంగి, ఒకటి దగ్గర్నుంచి చేసింది. నేను వీపు మీద వేళ్ళు పెట్టలేదు. ఎందుకో పెట్టబుద్ధి కాలేదు. అయిపోయాక లేచి, సంచీ వంటింట్లోకి తీసుకెళ్ళి, పళ్ళు కడిగి కోసి పళ్ళేల్లో పెట్టి తెచ్చింది. మేమెవరం ముట్టుకోలేదు. తను మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, తన పళ్ళెంలోవి అన్నీ తినేసింది.

సాయంత్రం మా ఆయన ఆమె పక్కన కూర్చుని, ఇక నువ్వు అక్కడికి వెళ్ళేది లేదమ్మా అన్నారు. ఆమె ఔనూ అనలేదు, కాదూ అనలేదు. ఆ మౌనం ఒప్పుకోవడమేనని మేమిద్దరం అనుకున్నాం. ఆ వారమే చిన్నగదిలో సామానంతా అటకెక్కించి, ఆమె కోసం కొత్త మంచం తెచ్చి వేశారు. గోడకి దండెం కొట్టారు. ఇంట్లో ఏ పనైనా వాయిదా వేసే మనిషి, అన్నీ ఒక్కరోజులో చేసేశారు.

ఆగస్టంతా చెయ్యి బాగుపడుతూనే ఉంది. తన జుట్టు తనే ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. డాబా మీద బట్టలు ఆరేసేది. అలమారలో పై అరనుంచి పప్పుడబ్బా దించేది. రెండు కేజీలవి లేవా అని తనే అడిగి తెప్పించుకుంది. నిండు బకెట్టు ఎత్తొచ్చా అని అడిగింది. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. గ్యాస్ బండ ఎప్పుడు జరపగలనని అడిగింది. అది జరపడానికి మేమున్నాం కదా అన్నాను. వినలేదు. ఎప్పటికి జరపగలనో చెప్పు అంది. నాకు గొప్పగా ఉండేది. స్కూల్లో స్టాఫ్‌రూంలో అందరికీ చెప్పుకునేదాన్ని, మా అత్తగారు ఈ వయసులో ఎలా చేస్తోందో. రోజూ ఆ చెయ్యి ఎంత లేచిందో చూస్తూనే ఉన్నాను. అంత తొందర ఎందుకని మాత్రం నాకు తోచలేదు.

సెప్టెంబర్‌లో వాన పట్టుకుంది. విశ్వకర్మ పూజ ముందు రోజులు. ఎడతెగకుండా కురిసింది. పైన డ్యాం గేట్లు ఎత్తేశారనీ, సువర్ణరేఖ పొంగుతోందనీ అన్నారు. స్కూళ్ళకి సెలవిచ్చారు. పూజ రోజు పొద్దున్న మా ఆయన షెడ్‌కి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. భుయ్యాడీహ్‌లో అత్తగారి పక్కింటాయన పోలరాజు. ఆయన పెద్దగా మాట్లాడతాడు, ఫోనులోంచి మాకందరికీ వినిపించింది. సందులోకి నీళ్ళు వచ్చేశాయి, అందరూ మెయిన్ రోడ్డుకి వెళ్ళిపోతున్నారు, మీ తమ్ముడు మాత్రం తాగి మంచం మీద పడి ఉన్నాడు, ఎంత పిలిచినా లేవడు అని చెప్పాడు.

"వాడి సంగతి నాకు చెప్పకండి మావా," అని ఈయన ఫోను పెట్టేశారు. బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. వానలో స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు కిటికీ దగ్గరే నిలబడి ఉంది. తర్వాత పమిట నడుం చుట్టూ బిగించి నా దగ్గరికి వచ్చింది. నువ్వు తీసుకెళ్తావా, లేకపోతే ఆటో చూసుకుంటాను అంది. ఆమెని ఒంటరిగా ఆ నీళ్ళలోకి పంపలేను. స్కూటీ తీశాను.

సందు మొదట్లోనే బండి ఆపెయ్యాల్సి వచ్చింది. మైకులో ఎవరో హిందీలో ఇళ్ళు ఖాళీ చెయ్యమని చెబుతున్నారు. మనుషులు టీవీలు, గ్యాస్ బండలు, పక్కబట్టలు నెత్తిన పెట్టుకుని ఎదురొస్తున్నారు. ఒకామె రెండు మేకల్ని చంకల్లో ఎత్తుకుని వస్తోంది. నీళ్ళు మా మోకాళ్ళు దాటి తొడల దాకా వచ్చాయి. బురదరంగు, డీజిల్ కంపు. అత్తగారు చీర పైకి దోపుకుని నాకంటే ముందు నడిచింది. ఎక్కడ గొయ్యి ఉందో ఎక్కడ మెట్టు ఉందో ఆమెకి తెలుసు.

ఇంట్లో గిన్నెలు తేలుతున్నాయి. మంచం పట్టె దాకా నీళ్ళు. అశోక్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల్లిని చూసి, ఒగ్గీయమ్మా, నాను రాను, అన్నాడు. ఆమె మంచం పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. నడుం దగ్గర వంగింది, వీపు వంకర పోకుండా. రెండు చేతులూ అతని చంకల కింద దూర్చింది. రెక్క ఎముకలు దగ్గరికి రావడం తడిసిన రవికె మీద నాకు కనిపించింది. ఊపిరి వదులుతూ లేపింది.

నేను ఒకపక్క పట్టుకున్నాను. బరువంతా ఆమె మీదే ఉంది. మెయిన్ రోడ్డు దాకా నేను అశోక్‌ని చూడలేదు, నీళ్ళనీ చూడలేదు. ఆ కుడిచేతినే చూస్తూ నడిచాను, మళ్ళీ ఎక్కడ చిరుగుతుందోనని. అది వణకలేదు.

ఎత్తుమీదున్న ఒక స్కూల్లో శిబిరం పెట్టారు. కిచిడీ వడ్డిస్తున్నారు. అశోక్‌ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె తల తుడిచింది. మధ్యాహ్నం దాటాక నేను మా ఆయనకి ఫోను చేసి ఎక్కడున్నామో చెప్పాను. వచ్చారు. యూనిఫాం మీద గ్రీజు మరకలు, నుదుట షెడ్‌లో పూజ కుంకం వానకి కారిపోయి ఉంది. తమ్ముడి వంక చూడలేదు.

"అమ్మా, రా. ఆటో ఉంది."

"ఈడు కూడా వత్తే వత్తాను."

"వాడు నా గుమ్మం తొక్కడు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "అయితే నువ్వెల్లు నాయినా. సుధ తడిసిపోయింది, జొరం వత్తాది."

"నీ చెయ్యి విరిచినోడమ్మా వాడు."

"ఇరిసినోడే," అంది అత్తగారు. "అందుకే గదా ఇన్నాల్లూ బాగుసేయించుకున్నాను."

నేను ఆమె పక్కనే, తడి పంజాబీ డ్రెస్సులో నిలబడి ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు. చూసి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలీదు. నేను నేర్పిన ప్రతి లేపు, ప్రతి దింపు ఆ ఇంటికి తిరిగి వెళ్ళడం కోసం చేసింది. మొదటినుంచీ ఆమెకి తెలుసు, మాకే తెలీదు.

మా ఆయన ఇంకో మాట అన్నారు. చాలా మెల్లగా అన్నారు. అలాగైతే ఇంక మా ఇంటికి రావొద్దన్నారు. ఆమె సరేనన్నట్టు తలూపి, కిచిడీ చల్లారిపోతోందని అశోక్ వైపు తిరిగింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఈయన రోడ్డు కేసి చూస్తూనే ఉన్నారు.

వరద తగ్గాక వాళ్ళు ఇంటికి చేరారు. శనివారాలు స్కూలు అయిపోయాక నేను వెళ్ళేదాన్ని. గోడల మీద ఛాతీ ఎత్తున బురద చార పడి ఉండేది. ఆమె తట్టలతో బురద ఎత్తిపోసింది, నేల కడిగింది, పరుపు పారేసి నులకమంచం వేసింది. అశోక్ కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు, గోడలకి సున్నం వేశాడు. మళ్ళీ కొన్నాళ్ళు తాగాడు. ఒక సాయంత్రం అతను చెయ్యి ఎత్తితే ఆమె మణికట్టు దగ్గర పట్టుకుని ఆపేసిందనీ, అతను కూలబడేదాకా వదల్లేదనీ పోలరాజుగారి భార్య నాతో చెప్పింది. అత్తగారు చెప్పలేదు. నేను ఎప్పుడు వెళ్ళినా అర్పిత చదువు గురించి, మా ఆయన ఏ షిఫ్టులో ఉన్నారో దాని గురించి అడిగేది. మాతో వచ్చెయ్యమని అడిగాను, ఒకసారి కాదు. నీ పని నువ్వు సేసేవమ్మా, ఇంక నా పని నన్ను సేసుకోనీ, అంది.

వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆమె ఎలా ఉందో ఈయనకి చెప్పేదాన్ని. టీవీ చూస్తూ వినేవారు. మారు ప్రశ్న వేసేవారు కాదు. దసరాకి అందరం కలిసి వెళ్దామన్నాను. డ్యూటీ ఉందన్నారు. పాపా, దాదీ కో లే ఆతే హై నా, నానమ్మని తీసుకొచ్చేద్దాం, అని అర్పిత ఒక రోజు అడిగింది. అన్నం మధ్యలోంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

దీపావళి వెళ్ళాక ఒక ఉదయం, ఎవరూ అడక్కుండానే, స్కూటర్ తీసి ఒక్కరే వెళ్ళారు. ఎక్కడికో చెప్పలేదు గానీ నాకు తెలిసింది. ఆమె కూర్చోవడానికి వీలుగా వెనక సీటు తుడుచుకుని వెళ్ళారు. వంటింట్లో నేను ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోశాను.

ఒక్కరే తిరిగొచ్చారు. ఇల్లు తాళం వేసి ఉందట. పోలరాజుగారు బయటికొచ్చి చెప్పారట. పలాసలో అత్తగారి చెల్లెలు సూర్యకాంతం కబురు చేసిందట. వాళ్ళబ్బాయి జీడిపప్పు బట్టీలో అశోక్‌కి పని చూస్తానన్నాడట. ఇక్కడి సావాసాలకి దూరంగా ఉంటే మారతాడేమోనని, ఉన్నపళంగా సామాను కట్టుకుని ముందురోజే బండెక్కేశారట. నాకు కూడా చెప్పలేదు. చెబితే సుధ ఆపేస్తాదని పోలరాజుగారితో అందట. బండెక్కింది టాటానగర్‌లోనే. ఆ సమయానికి ఈయన పట్టాల అవతల షెడ్‌లో డ్యూటీలో ఉన్నారు.

"ట్రంకుపెట్టె తనే మోసుకుని వెళ్ళిందట, ఆటో దాకా," అన్నారు ఈయన, హెల్మెట్ ఇంకా చేతిలోనే పట్టుకుని. "అశోక్ అడిగితే ఇవ్వలేదట. ఏ భుజం మీద పెట్టుకుందని అడిగాను. కుడిభుజం మీదే అన్నాడు."

హెల్మెట్ పెట్టేసి స్నానానికి వెళ్ళారు. స్నానాలగదిలో పంపు చాలాసేపు అలా పోతూనే ఉంది.

ఇప్పుడు ఆమె పలాసలోనే ఉంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. అశోక్ నెలల తరబడి బాగుంటాడు, తర్వాత ఒక వారం తాగుతాడు, మళ్ళీ పనికెళ్తాడు. చెయ్యి ఎలా ఉందని అడుగుతాను. రెక్కకేటి, బాగుంది, అంటుంది. నిజమో కాదో ఫోనులో నాకెలా తెలుస్తుంది? ఆ వీపు మీద వేళ్ళు పెట్టి చూస్తే గానీ నేను చెప్పలేను. భానుడు ఏ షిఫ్టు అని అడుగుతుంది. ఆయన ఎదురుగానే ఉంటారు. ఫోను చాపుతాను. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. ఆమె కూడా ఒకసారి ఇమ్మని అడగదు. ఆ రోజు శిబిరంలో అనుకున్న మాట ఇద్దరూ నిలబెట్టుకుంటున్నారు.

ఖరగ్‌పూర్‌లో ఒక్క బండి మారితే పలాస. ఆయనకి రైల్వే పాసులున్నాయి. పోయిన వేసవిలో మా ముగ్గురికీ పాసు తీశారు, సీట్లు కూడా దొరికాయి. నాకు ఫోనులో చూపించి జేబులో పెట్టుకున్నారు. బయల్దేరాల్సిన రోజు నేను సంచీ సర్దుకుని, అర్పితని లేపి, కాఫీ పెట్టాను. ఆయన స్నానం చేసి వచ్చి, దండెం మీదనుంచి యూనిఫాం తీసి వేసుకున్నారు. షెడ్‌లో పనుందన్నారు. స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగాక, నేను సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను.